ఐదు లీటర్ల గ్రైండర్: అప్పు తీర్చుకోవడానికి కొన్నవాడి సమీక్ష

వస్తువు: కోయంబత్తూరులో తయారైన ఐదు లీటర్ల టిల్టింగ్ వెట్ గ్రైండర్. అర హెచ్‌పీ మోటారు, స్టీలు డ్రమ్ము, అడుగున గ్రానైట్ రాయి, దాని మీద దొర్లే మరో రాయి, పిండి దించుకోవడానికి డ్రమ్మును పక్కకు వంచే పిడి. కొన్నది కొత్తది కాదు. హైదరాబాద్ వనస్థలిపురంలో మూతపడిన ఒక టిఫిన్ సెంటర్ నుంచి పాతది తెచ్చుకున్నాను. ధర 11,500 రూపాయలు, బాగు చేయించడానికి మరో 1,900. వాడకం మొదలై ఏడాదిన్నర దాటింది. బ్రాండు పేరు రాయడం లేదు. కోయంబత్తూరు గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, అక్కడ వీటిని చేసే కంపెనీలు చిన్నవీ పెద్దవీ చాలా ఉన్నాయి, ఈ సైజులో లోపలి నిర్మాణం దాదాపు ఒకే రకం. నేను చెప్పే మంచీ చెడూ ఏ పేరున్న యంత్రానికైనా చాలావరకు వర్తిస్తాయి.

మామూలు సమీక్షల్లో పిండి ఎంత మెత్తగా వచ్చింది, ఎంతసేపట్లో వచ్చింది అని చూస్తారు. అవీ చెబుతాను. కానీ నేను దీన్ని కొన్నది ఇడ్లీల కోసం కాదు, క్రెడిట్ కార్డు బాకీ కోసం. కాబట్టి నా కొలత వేరు: ఈ యంత్రం నెలకు ఎంత బాకీ తీర్చింది?

నేను ఒక ప్రైవేటు పాఠశాలలో అకౌంటెంటును. పగలంతా ఇతరుల ఫీజు బకాయిలు రాసి, రాత్రి ఇంటికొచ్చి నా బకాయిలు చూసుకునే ఉద్యోగం. జీతం 29,000. అమ్మకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించినప్పుడు మూడు రకాల అప్పు మిగిలింది. బంగారం మీద 1,20,000, కార్డు మీద 84,000, మా బావగారి దగ్గర చేబదులు 40,000. బంగారం మీద అప్పుకు ఏడాదికి తొమ్మిదిన్నర శాతం వడ్డీ. బావగారు వడ్డీ అడగలేదు, అయితే పండక్కి వాళ్లింటికి వెళ్లినప్పుడు కొత్త చొక్కా వేసుకోవడానికి కూడా మొహమాటం వేసేది. అదీ ఒక రకం వడ్డీయే.

అసలు తినేస్తున్నది కార్డు. నెలకు మూడున్నర శాతం అంటే వినడానికి చిన్న అంకె. 84,000 మీద అది 2,940. ఆ వడ్డీ మీద జీఎస్టీ 18 శాతం, అంటే ఇంకో 529. మొత్తం 3,469. కనీసం కట్టాల్సిన మొత్తం అని బిల్లులో బోల్డు అక్షరాల్లో వేసేది బాకీలో ఐదు శాతం, అంటే 4,200. అది కట్టి హమ్మయ్య అనుకుంటే అసలులో తగ్గేది 731 రూపాయలు. పైగా ఒక నెల బాకీ మిగిల్చి ముందుకు తోసుకొస్తే, కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గీకిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. నలభై అయిదు రోజుల గడువు మాట బాకీ లేనివాడికే. నేను ఈ లెక్కను పాఠశాల లెడ్జరు కాగితం మీదే వేసి మా ఆవిడకు చూపించాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో మన డబ్బు ఏదండీ?" అని అడిగింది. 731 చూపించాను.

ఖర్చులు తగ్గించాం. అందులో చెప్పుకోదగ్గది బైకు అమ్మేయడం. 27,000 వచ్చింది. గ్రైండరుకు పోగా మిగిలింది కార్డుకు కట్టాను. ఇప్పుడు నేను ఎల్బీ నగర్ దాకా సిటీ బస్సులో వెళతాను. మలక్‌పేట గంజ్‌కు సరుకులకు మాత్రం మా ఆవిడే వెళుతుంది, తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఆడవాళ్లకు బస్సు టికెట్టు సున్నా కదా. మొగుడు వెళితే చార్జీ, పెళ్లాం వెళితే ఆదా, అని మా ఇంట్లో ఇప్పుడు కొత్త నానుడి. టీవీ చందాలు, బయటి తిండి, వాడని జిమ్ము, అన్నీ కోసేస్తే నెలకు మూడున్నర వేల దాకా మిగిలింది. అక్కడితో ఆగిపోయింది. అద్దె 9,500, అమ్మ మందులు, పిల్లవాడి పుస్తకాలు, వీటిని కోయడానికి కత్తెర లేదు. ఇక మిగిలింది రాబడి పెంచుకోవడం.

జూలైలో నలుగురికి ఆదాయపు పన్ను రిటర్నులు వేసి పెడతాను, ఆ రాబడి జూలైతోనే సరి. సాయంత్రం ట్యూషన్లు చెప్పొచ్చు, కానీ మా వీధిలో పిల్లల కంటే ట్యూషన్ బోర్డులు ఎక్కువ. పిండి ఆలోచన మా ఆవిడది. పై అంతస్తు పిన్నిగారు, ఎదురింటి ఉద్యోగస్తురాలు అప్పటికే "మీరు రుబ్బినప్పుడు మాక్కూడా ఒక గిన్నె" అంటుండేవారు. ఇన్నాళ్లూ మొహమాటానికి ఊరికే ఇచ్చాం. ఆ మొహమాటానికి ధర కట్టడమే మా వ్యాపారం.

కొత్త యంత్రం ధర రాణిగంజ్‌లో అడిగితే 22,000 చెప్పారు. "కార్డు మీద తీసుకోండి సార్, వడ్డీ లేకుండా ఆరు వాయిదాలు" అన్నాడు కుర్రాడు. సున్నా వడ్డీ అనేదే ఉండదనీ, వడ్డీని ఎక్కడో ఒకచోట కలిపేస్తారనీ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అతనికి ఆ సంగతి చెప్పి ఏం లాభం! చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్రం 35 శాతం రాయితీ ఇచ్చే పథకం ఒకటి అప్పట్లో ఉండేది, అది బ్యాంకు అప్పుతో ముడిపడింది. అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు వద్దని పాతదాని వేటలో పడ్డాం. ఊరి నిండా తెరిచే టిఫిన్ సెంటర్లు ఎన్నో, మూసేవీ అన్నే. మూసేవాడికి గ్రైండరు అడ్డం, అమ్మేస్తే చాలన్నట్టు ఉంటాడు. పాతది కొనేవాడికి ఇదే బలం.

పాతది చూసేటప్పుడు నేను నేర్చుకున్నవి చెబుతాను. ఖాళీగా తిప్పి చూపిస్తే నమ్మకండి. నానబెట్టిన మినపగుళ్లు ఒక కిలో వెంట తీసుకెళ్లండి, అక్కడే రుబ్బించండి. బరువు పడ్డప్పుడు బెల్టు జారితే కీచుమంటుంది. జారే బెల్టు పెద్ద రోగం కాదు, మూడు నాలుగు వందలతో పోతుంది, కానీ ఆ కీచు వినిపించి బేరం తగ్గించవచ్చు. రాతిని వేలితో తడమండి. గరుకు పోయి అద్దంలా నున్నగా ఉంటే గాట్లు పెట్టించాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, పై రాయి తిరిగే ఇరుసు దగ్గరి బుష్, అంటే ఇరుసును పట్టి ఉంచే గొట్టం లాంటి చిన్న భాగం. అది అరిగితే రాయి ఊగుతుంది, నూనె మరక నల్లగా పిండిలోకి దిగుతుంది. మాకు వచ్చిన యంత్రంలో సరిగ్గా ఇదే లోపం. తెల్లటి పిండి మధ్య సన్నటి బూడిద రంగు గీత. అమ్మినాయన దాన్ని "మినపపొట్టు సార్" అన్నాడు. పొట్టు తీసిన గుళ్లలో పొట్టెక్కడిదని మా ఆవిడ అడిగేసరికి, 13,000 చెప్పినవాడు 11,500కు దిగాడు. బుష్, ఆయిల్ సీల్, బెల్టు, మోటారు కెపాసిటరు మార్పించి, రాతికి గాట్లు పెట్టించేసరికి 1,900 అయింది. గాట్లు పెట్టించాక మొదటి రెండు వాయిలు ఉప్పూ బియ్యమూ వేసి రుబ్బి పారబోయాలి. రాతి పొడి పోయేదాకా పిండిని ఎవరికీ అమ్మకూడదు.

ఇక పనితనం. మినప్పిండి విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను. మిక్సీలో మినపగుళ్లు వేస్తే రెండో నిమిషానికే గిన్నె వేడెక్కుతుంది, పిండి బిగుసుకుపోతుంది. ఇందులో రాయి నెమ్మదిగా తిరుగుతుంది, పిండి చల్లగా ఉంటుంది, గాలి పట్టి పొంగుతుంది. నీళ్లు ఒకేసారి పోయకూడదు, కొద్దికొద్దిగా చిలకరిస్తూ పోవాలి. అరగంట పైన కొద్ది నిమిషాలకు వేలితో తీసి నీళ్లలో వేస్తే తేలుతుంది. మనవైపు ఇడ్లీకి బియ్యం రుబ్బం, కడిగి పిండిన ఇడ్లీ రవ్వ కలుపుతాం. కాబట్టి ఇడ్లీ పిండికి గ్రైండరు పని మినప్పప్పు వరకే, మోటారుకూ సుఖం. కిలో గుళ్లకు రెండు కిలోల రవ్వ కలిపితే ఉప్పుతో సహా ఆరున్నర కిలోల పిండి అవుతుంది. ఒక్క వాయితో.

దోసె పిండి దగ్గర యంత్రం అలుస్తుంది. కిలో గుళ్లకు మూడు కిలోల బియ్యం, గుప్పెడు మెంతులు, అటుకులు. పేరుకు ఐదు లీటర్లే గానీ అంచుదాకా నింపితే పిండి బయటికి చిమ్ముతుంది. మూడున్నర లీటర్ల మించి వేయకండి. అంటే బియ్యం రెండు వాయిలు, వాయికి నలభై నిమిషాలు. దోసె పిండిలో సరుకుల ఖర్చు తక్కువ, కూర్చునే సమయం ఎక్కువ. ఇడ్లీకి బియ్యమే రుబ్బే తమిళుల ఇళ్లలో ఈ యంత్రానికి రోజూ ఇంత చాకిరీ ఉంటుందన్నమాట.

వంచే పిడి గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మా అమ్మ రుబ్బురోలు నుంచి చేత్తో తోడి తోడి తీసేది, బల్ల మీద పెట్టే చిన్న గ్రైండర్లలో డ్రమ్మునే ఎత్తాలి. ఇందులో పిడి లాగి వంచితే పిండి తనంతట తాను గిన్నెలోకి దిగుతుంది. మా ఆవిడకు నడుం నొప్పి ఉంది. ఈ పిడి లేకపోతే మా వ్యాపారం రెండో నెలలోనే ఆగేది.

కడగడం విసుగు. రాయి ఊడదీసి, ఇరుసు చుట్టూ బ్రష్షుతో తోమి, ఆరబెట్టకపోతే తెల్లారేసరికి పులిసిన వాసన. ఆ పని నాది. మా పెద్దమ్మ ఊరి నుంచి వచ్చి, "మగవాడివి, ఆఫీసులో లెక్కలు రాసేవాడివి, రోలు కడుగుతున్నావేమిటిరా" అంది. రోలే కదమ్మా ఇప్పుడు లెక్కలు తేలుస్తున్నది, అన్నాను. మర్నాడు ఊరికి వెళుతూ రెండు కిలోల పిండి మాత్రం పట్టుకెళ్లింది, డబ్బులివ్వకుండా.

చప్పుడు: ఉంది. ఫ్లాట్లలో ఉండేవారు ముందే ఆలోచించుకోవాలి. మోటారు హోరు కంటే, నేల గుండా కింది అంతస్తుకు దిగే అదురు ఎక్కువ ఇబ్బంది. కిందింటి వారు రెండుసార్లు పైకొచ్చి మర్యాదగానే చెప్పారు. కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేసి, యంత్రాన్ని వంటింటి గోడకు జానెడు దూరం జరిపి, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత తిప్పకూడదని నియమం పెట్టుకున్నాం. వారానికి ఒక కిలో పిండి కూడా పంపుతున్నాం. దాన్ని నేను ఖర్చుల పద్దులో రాస్తాను.

కరెంటు అనుకున్నంత కాదు. అర హెచ్‌పీ అంటే గంటకు యూనిట్‌లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. రోజుకు గంటన్నర తిప్పితే నెలకు పదహారు, పదిహేడు యూనిట్లు. అయితే 200 దాటితే శ్లాబు మారి మొదటి యూనిట్ నుంచీ రేటు పెరుగుతుంది. మామూలు నెలల్లో మాకు ఆ బెడద లేదు. ఏప్రిల్, మే నెలల్లో కూలరుకూ గ్రైండరుకూ పోటీ. కూలరే ఓడిపోయింది.

లెక్కలోకి వద్దాం, నాకు ఇష్టమైన చోటు. గుళ్లు కిలో 130, రవ్వ రెండు కిలోలు 100, ఉప్పు, కరెంటు కలిపి మూడు నాలుగు రూపాయలు. ఆరున్నర కిలోలకు పంచితే కిలో 36. కవరు, లేబులు 2. మేం అమ్మేది 65కు. ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చుకునేవారికి 63. కిలోకు 27 మిగులు. మొదటి నెలల్లో రోజుకు నాలుగైదు కిలోలు పోయేది. ఇప్పుడు పన్నెండు కిలోల దగ్గర నిలబడింది. పులిసిపోయి మేమే తినాల్సి వచ్చినవి, కిందింటికి పంపినవి తీసేస్తే నెలకు 8,000 అటూ ఇటూ. అంటే, మొత్తం 13,400 పెట్టుబడి నాలుగో నెలకల్లా తిరిగొచ్చింది. ఈ లెక్కలో మా ఇద్దరి కూలి వేయలేదు. వేస్తే గంటకు ఎంత పడుతుందో లెక్కగట్టాను కూడా, కానీ ఆ అంకె మా ఆవిడకు చూపించలేదు.

ఇందులో గ్రైండరు గుణం కంటే పెద్దది ఇంకొకటి ఉంది. పిండి డబ్బు ఇంటి డబ్బులో కలవకూడదు. కలిసిందా, కూరగాయలకూ ఆటోకూ కరిగిపోతుంది, నెలాఖరుకు ఎక్కడికి పోయిందో తెలియదు. మేం దానికి వేరే ఖాతా పెట్టాం. కొనేవాళ్లు ఫోనులో స్కాన్ చేసి కట్టేది ఆ ఖాతాలోకే. ప్రతి శనివారం అందులో సరుకులకు కావలసింది ఉంచి, మిగతాది కార్డుకు కట్టేస్తాను. గడువు తేదీ దాకా ఆగను, ఎందుకంటే బాకీ ఉన్నప్పుడు కార్డు వడ్డీ రోజు లెక్కన పడుతుంది. శనివారం కట్టిన రెండు వేలు ఆ రోజు నుంచే వడ్డీ ఆపుతాయి. పది నెలల్లో కార్డు బాకీ సున్నా అయింది. తర్వాత బావగారిది తీర్చాం. బంగారం మీద అప్పు చివరికి ఉంచాను, వడ్డీ తక్కువది చివరనే ఉండాలి. మా ఆవిడ దీనికి ఒప్పుకోలేదు. ఆమె గాజులు ముందు విడిపించాలని ఆమె వాదన. నా వాదన పాసు పుస్తకాల్లో గెలిచింది, ఇంట్లో గెలవలేదు. ఇప్పుడు ఆ బంగారం అప్పే తీరుస్తున్నాం, సగం పైగా కట్టాం.

పిండి అమ్మాలంటే ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు తప్పనిసరి. మేం చేసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్నవాళ్లకు రుసుము ఏడాదికి 100 రూపాయలే, ఆన్‌లైన్లో చేసుకోవచ్చు. వచ్చే పద్నాలుగు అంకెల నంబరును లేబులు మీద వేయాలి. మధ్యవర్తి ఒకడు దీనికి మూడు వేలు అడిగాడు. అకౌంటెంటును అడగకూడనిది అడిగాడు పాపం.

యంత్రం చేయలేనిది ఒకటుంది. డిసెంబరులో పిండిని పులియబెట్టడం. ఎండాకాలం ఐదారు గంటల్లో గిన్నె దాటి పొంగే పిండి, చలికాలంలో పన్నెండు గంటలైనా కదలదు. అందుకని ఆ రెండు నెలలు సాయంత్రం కాకుండా మధ్యాహ్నమే రుబ్బాలి, గిన్నెల మీద దుప్పట్లు కప్పాలి. ఎండాకాలం సమస్య తలకిందులు. కవరు పొంగి పగులుతుంది, కాబట్టి పులియకముందే కట్టి అమ్మాలి. ఫ్రిజ్ చిన్నదైతే ఈ వ్యాపారం జోలికి వెళ్లకండి, గ్రైండరు ఎంత మంచిదైనా సరే.

మరమ్మతుల సంగతి. ఏడాదిన్నరలో బెల్టు మళ్లీ ఒకసారి మార్చాం, రాతికి గాట్లు ఒకసారి. మోటారు ఇప్పటిదాకా మొరాయించలేదు. విడిభాగాలు రాణిగంజ్‌లో సులభంగా దొరుకుతాయి, బెల్టు నంబరు ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే చాలు. పండగ ముందు వారం చెడితే మాత్రం మెకానిక్ రాడు. దసరా ముందు బెల్టు తెగినప్పుడు, ఆ రాత్రి పన్నెండు కిలోలకు మాట ఇచ్చి ఉన్నాం. యూట్యూబు చూస్తూ నేనే బిగించాను. తలుపు దగ్గర పిన్నిగారు గిన్నె పట్టుకుని నిలబడి, "ఏం బాబూ, అయిందా" అని అడుగుతూనే ఉన్నారు.

ఎవరు కొనాలి? రోజూ ఇంట్లో ఒకరు నాలుగు గంటలు ఉండగలిగి, చుట్టూ యాభై గడపలు నడిచి వెళ్లేంత దూరంలో ఉండి, చేతిలో ఉన్న డబ్బుతోనే పాతది తెచ్చుకోగలిగినవారు కొనాలి. వాయిదాల మీద కొత్తది కొనేవారికి నా లెక్కలు పనికిరావు. ఒంటరిగా ఉండి, రోజంతా ఉద్యోగం చేసేవారికి ఇంకా పనికిరావు. మా ఇంట్లో ఇది నడుస్తున్నది ఇద్దరం కాబట్టి. ఆ ఇద్దరిలో నేను చేసేది కడగడం, మోయడం, లెక్కలు రాయడం. రుచి ఆమెది, కొనేవాళ్లతో మాట ఆమెది.

ఐదుకు నాలుగు నక్షత్రాలు. ఒకటి కోసింది బుష్ దగ్గర. తినే వస్తువు రుబ్బే యంత్రంలో నూనె పెట్టే భాగాన్ని సరిగ్గా పిండికి పైన ఎందుకు పెట్టారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. నెలకోసారి రాయి విప్పి చూడండి, తినదగిన నూనే వాడండి.

ఇప్పుడు మా బావమరిది పది లీటర్లది తీసుకోమని పోరు పెడుతున్నాడు. "డబుల్ రుబ్బితే డబుల్ మిగులు కదా బావా" అంటాడు. మా వీధి తినేది పన్నెండు కిలోలు. పదమూడో కిలో అమ్మాలంటే బైకు కావాలి, బైకు అంటే పెట్రోలు, దుకాణాలకు అరువు, వసూళ్లకు తిరగడం. అతనికి కాగితం మీద వేసి చూపించాను. చూసి, పోనీ గారెల పిండి కూడా మొదలుపెట్టమన్నాడు. దాని గురించి మాత్రం మా ఆవిడ ఆలోచిస్తోంది. గారెల పిండికి నీళ్లు తక్కువ, మోటారు మీద బరువు ఎక్కువ పడుతుంది. ముందు ఆదివారాల్లో ఒక కిలోతో చూస్తాం.